తిప్పి పంపిన పాలు

“జుట్టుతోపాటు ముక్కు కూడా ఊడిపోయిందా వదినా?”

వసారా నిండా పాలు పోయడానికి వచ్చినవాళ్ళు ఉండగా, ఒంటిగేదె ఒకసారి ముక్కమ్మను ఈ మాట అడిగింది. అప్పటికి ముక్కమ్మకు నాలుగో కీమో అయి పది రోజులు. తలకు చుట్టుకున్న గుడ్డ కింద ఒక్క వెంట్రుక లేదు. కనుబొమలు కూడా పోయి, ముఖం తడిగుడ్డతో తుడిచేసిన పలకలా ఉంది. అలాంటి మనిషిని అలాంటి మాట అడగవచ్చునా అని వసారాలో అందరూ బుగ్గలు నొక్కుకున్నారు. అడగవచ్చు. ఆ రోజు అడగవలసిన ప్రశ్న అదొక్కటే. ఆ సంగతి అక్కడ ఇద్దరికే తెలుసు: అడిగిన మనిషికి, జవాబు చెప్పకుండా ఏడవడం మొదలుపెట్టిన మనిషికి.

రెండు పేర్లూ ఊరు పెట్టినవే. ఒంటిగేదెకు ఉన్నది ఒకే గేదె. భర్త పోయాక ఆవిడకు మిగిలిన ఆస్తి అదీ, వీధి చివర రెండు గదుల ఇల్లూను. ముక్కమ్మ మటుకు తన పేరు సంపాదించుకుంది. పన్నెండేళ్ళుగా ఊరి పాలకేంద్రం ఆమె ఇంటి వసారాలోనే నడుస్తోంది. పొద్దునా సాయంత్రమూ వీధి వీధంతా గిన్నెలూ బిందెలూ పట్టుకుని అక్కడికే వస్తుంది. పాలు కొలిచి, గుడ్డలో వడగట్టి, పెద్ద క్యాన్లలోకి వంచడం, కొంచెం తీసి వెన్న చూసే యంత్రంలో పెట్టడం ఆమె పని. ఆ యంత్రం వెన్న సంగతి చెబుతుంది, నీళ్ళు కలిపితే పట్టిస్తుంది. కాని పుల్లబడబోతున్న పాలను మాత్రం అది పోల్చలేదు. అలాంటివి ఒక్క బిందెడు క్యానులో పడితే చాలు, పట్నంలో శీతలకేంద్రం చేరేసరికి క్యానంతా విరిగిపోతుంది. అందులో పాలు పోసిన అందరి డబ్బూ మట్టిగొట్టుకుపోతుంది.

అందుకనే కేంద్రం పెట్టిననాడు పాలసంఘం వాళ్ళు ఒక చిన్న స్పిరిట్ స్టవ్వూ, కొన్ని గాజు గొట్టాలూ పెట్టెలో పెట్టి ఇచ్చిపోయారు. అనుమానం వచ్చిన పాలను గొట్టంలో కొంచెం పోసి కాచాలి. నిలిస్తే మంచివి, విరిగితే వెనక్కి. ముక్కమ్మ ఆ పెట్టెను వారం రోజులు వాడి అటకెక్కించింది.

“నా ముక్కుండగా స్పిరిట్ దండగ” అంది.

కోతలు కావవి. ఎవరైనా గిన్నె ముందుపెడితే, మూత కొంచెం పక్కకు జరిపి, కళ్ళు మూసుకుని, ఒక్కసారి గాలి లోపలికి పీల్చేది. అంతే. “పొద్దుటి పాలు మిగిలితే వీటిలో కలిపావు కదూ?” అనేది. “గిన్నె అంచున నిన్నటి మీగడ ఉంది, తోముకురా” అనేది. ఒకరోజు ఒకాయనను, “మీ గేదె ఎవరి ఉల్లిమడిలో పడింది అన్నయ్యా?” అని అడిగింది. ఆయన నవ్వుకుంటూ ఇంటికి వెళ్ళేసరికి పక్కచేను రైతు కర్ర పట్టుకుని గుమ్మంలో కూర్చుని ఉన్నాడు. ఆ రోజునుంచి ఆమె ముక్కమ్మ. ఆమె వద్దంటే వద్దే, ఎవరూ వాదించేవారు కాదు. పాలు తిప్పి పంపించుకున్నవాళ్ళు కూడా, “ఆవిడ ముక్కు చెప్పిందంటే ఇంకేముందిలే” అనుకుంటూ ఇంటిదారి పట్టేవారు. ఊళ్ళో మరెవరి మాటకూ అంత పరపతి లేదు. ఆమెకు అది ఎంత ఇష్టమో పైకి ఎప్పుడూ చెప్పలేదు గాని, ఇష్టమే.

ఆ తరవాత రొమ్ములో గడ్డ, ఆపరేషను, కీమో.

జబ్బు మనిషిని పుటం పెట్టిన బంగారంలా చేస్తుందని చెప్పేవాళ్ళున్నారు. వాళ్ళెవరూ కీమో ఎక్కించిన మూడోనాడు మరుగుదొడ్డి గుమ్మంలో కూర్చుని ఉండరు. జబ్బు మనిషిని కొత్తగా ఏమీ చేయదు. ఉన్న మనిషినే ఒక ఇరుకు గదిలోకి తోసి తలుపు వేస్తుంది. లోపల ఆ మనిషి చేసే పనులు మనిషి పనుల్లాగే ఉంటాయి, కొన్ని మంచివి, కొన్ని చెడ్డవి.

మూడు వారాలకొకసారి పొద్దుటి పాలు ఎక్కించిన వ్యానులోనే ఆమె పట్నం ఆసుపత్రికి వెళ్ళేది. డ్రైవరు ముందు సీటు తుడిచి, కాళ్ళ దగ్గర మూత ఉన్న ఒక పెయింటు బకెట్టు పెట్టేవాడు, తిరుగు ప్రయాణంలో వాంతులకు. “ఇది నీ సొంతం అక్కా. ఎవరికీ అద్దెకివ్వను” అనేవాడు. ఆసుపత్రిలో వరసగా కుర్చీలు, ప్రతి కుర్చీ పక్కా ఒక స్టాండు, పైనుంచి బొట్టు బొట్టుగా దిగే ఎర్ర మందు. రెండోసారి వెళ్ళినప్పుడు నర్సు చెప్పింది: “నోరు ఇనుములా ఉంటుందమ్మా. వాసనలు మారిపోతాయి, కొందరికి అసలు తెలియకుండా పోతాయి. మందులయ్యాక చాలామందికి తిరిగి వస్తాయి, భయపడకండి.” పక్క కుర్చీలో మనిషికి చెబుతున్నట్టు తలూపి ఊరుకుంది ముక్కమ్మ.

ఇంట్లో సిగ్గుపడవలసిన పనులు చాలానే పడ్డాయి. చెయ్యి పైకెత్తలేని రోజుల్లో అత్తగారే స్నానం చేయించేది. మొదటిసారి ముక్కమ్మ తువ్వాలు వదలకుండా గోడవైపు తిరిగి నిలబడింది.

“నా కాలు విరిగినప్పుడు నాకు ఆరు నెలలు నీళ్ళు పోశావు. ఆ బాకీ తీరుస్తున్నాను, ఇటు తిరుగు” అంది అత్తగారు చెంబు ఝళిపిస్తూ. “నా దగ్గర లేనిది నీ దగ్గరేముంది? ఉన్నది కూడా ఒకటి తీసేశారాయె.”

ముక్కమ్మకు నవ్వొచ్చింది. నవ్వితే కుట్లు లాగాయి. ఆ సిగ్గు ఆ పూటతో పోయింది. ఒంటికి సంబంధించిన సిగ్గులు అలాంటివే, ఎవరైనా ఒక మోటు మాట అంటే చాలు, కరిగిపోతాయి. కరగనిది ఇంకొకటి ఉంది.

మూడో కీమో అయిన నాలుగైదు రోజులకు, ఉతకడానికి బట్టలు తీస్తూ భర్త చొక్కా అలవాటుగా ముక్కు దగ్గర పెట్టుకుంది. ఆయన బావుల మీది మోటార్లు బాగుచేసే మెకానిక్. ఆ చొక్కా వాసన చూసి, ఆ రోజు ఆయన మోటారులో రాగితీగ చుట్టు కాలితే మళ్ళీ చుట్టాడా, పంపు విప్పి పైకి తీశాడా, ఎవరి బావిలో దిగాడో కూడా చెప్పేది. ఆ రోజు చొక్కాలో ఏమీ లేదు. ఉతికి ఆరేసిన చొక్కా అనుకుని కాలరు చూసింది. నల్లగా గ్రీజు. మళ్ళీ ముఖం దాంట్లో పెట్టి గట్టిగా పీల్చింది. తడిసిన ఇనుము. వంటింట్లోకి వెళ్ళి ఉల్లిపాయ చితక్కొట్టింది. ఇనుమే. సబ్బు, కిరసనాయిలు, పక్కింటివాళ్ళ కోళ్ళగూడు, అన్నీ ఒకే తడి ఇనుము.

ఎవరికీ చెప్పలేదు. కేంద్రం పోతుందన్న భయం కాదు. అది పోదు. అటక మీది పెట్టె దించి పాలు కాచి చూసుకుంటే పని ఎప్పటిలాగే సాగుతుంది. కాని పెట్టె దించిన మరుక్షణం ముక్కమ్మకు ముక్కు లేదన్న మాట ఊరంతా పాకుతుంది. రొమ్ము పోయింది, జుట్టు పోయింది, పేరొక్కటి మిగిలింది. దాన్ని కూడా ఇచ్చేయడానికి మనసొప్పలేదు. ఇది కారణం. సమర్థన కాదు.

అత్తగారు వంట తన చేతిలోకి తీసుకున్నది కూడా ఆ వారమే. కూరలో రెండుసార్లు ఉప్పు పడేసరికి భర్త మాట్లాడకుండా తిని మూడు చెంబుల నీళ్ళు తాగాడు. అత్తగారు మాత్రం కంచం తోసేసి, “నీ మొగుణ్ణి ఊరగాయ పెడుతున్నావేమిటే?” అంది. పోపు వాసనకు వాంతి వస్తోందని ముక్కమ్మ అబద్ధమాడింది. వాంతి నిజమే, వాసన అబద్ధం.

వసారాలో మాత్రం ఏమీ మారనట్టే కూర్చునేది. మూత జరపడం, ముక్కు దగ్గరకు వంగడం, తలూపడం. అందరి పాలూ తీసేసుకునేది. అలా రోజులు దొర్లిపోయేవే గాని, ఎనిమిది గేదెలాయన ఊరుకోలేదు. ఊళ్ళో అందరికంటే ఎక్కువ పాలు పోసేదీ, అందరికంటే గట్టిగా మాట్లాడేదీ ఆయనే.

“జబ్బు చేశాక మా చెల్లెమ్మ మెత్తబడిపోయింది!” అన్నాడు ఒక సాయంత్రం, ఖాళీ బిందె చంకలో పెట్టుకుని. “రెండు వారాలుగా ఒక్కరి పాలూ తిప్పి పంపలేదు. మజ్జిగ తెచ్చినా పోయించుకునేట్టుంది!”

అందరూ నవ్వారు. ముక్కమ్మ మనసులో లెక్క వేసుకుంది. నిజమే. నెలకు నాలుగైదుసార్లు ఎవరివో ఒకరివి తిప్పి పంపడం రివాజు. అస్సలు పంపకపోతే అనుమానం రాక మానదు. ఎవరినో ఒకరిని పంపాలి.

ఎవరిని? ఎనిమిది గేదెలాయనను పంపితే పోట్లాటకు దిగుతాడు, కాచి చూపించమంటాడు. కొత్తగా పోస్తున్నవాళ్ళను పంపితే మానేస్తారు. రెండు లీటర్లకు మించి పోయని మనిషి కావాలి, నోరు లేని మనిషి కావాలి, తన ముక్కును మొదటినుంచీ నమ్మిన మనిషి కావాలి. ఇలా ఏరుకుంటూ పోతే ఒక్కరే మిగిలారు. కీమో రోజుల్లో, ఎవరూ అడగకుండానే వచ్చి క్యాన్లు కడిగిపెట్టి వసారా ఊడ్చిపోయే మనిషి.

“ఇవాళ్టివి వద్దు వదినా” అంది ముక్కమ్మ ఆ మర్నాటి సాయంత్రం. “కొంచెం పులుపు తగులుతోంది.”

ఒంటిగేదె తెల్లబోయింది. “ఇప్పుడే పిండుకొచ్చాను వదినా. ఇంకా వెచ్చగానే ఉన్నాయి, పట్టుకు చూడు.”

“గిన్నె సరిగ్గా తోమలేదేమో.”

“అలాగా” అని గిన్నెలోకి తనూ వంగి వాసన చూసింది. తనకేమీ తెలియలేదు. అయినా మూత పెట్టేసుకుంది. “నాకేం తెలుస్తుందిలే. నువ్వు చెప్పావంటే ఉండే ఉంటుంది.” వెళ్ళి గిన్నెను బూడిదతో తోమి, మరిగే నీళ్ళు పోసి, ఎండలో బోర్లించింది.

రెండోసారి తిప్పి పంపినప్పుడు గిన్నె మార్చింది. మూడోసారి, లోపం గేదెలో ఉందేమోనని పశువుల డాక్టరును పిలిపించింది. ఆయన పొదుగు నొక్కి చూసి, కళ్ళు చూసి, ఫీజు తీసుకుని, “నీ గేదె నాకంటే ఆరోగ్యంగా ఉందమ్మా” అని వెళ్ళిపోయాడు. నాలుగోసారి తిప్పి పంపిన పాలను పారబోయలేదు. ఇంటికి తీసుకెళ్ళి కాచింది. మర్నాడు సాయంత్రం ఆ గిన్నెనే తెచ్చి ముక్కమ్మ ముందు పెట్టింది.

“నిన్న పుల్లబడ్డాయన్న పాలు ఇవే. కాచాను. చూడు, ఎంత మందాన మీగడ కట్టిందో. పుల్లబడ్డ పాలు కాస్తే మీగడ కడతాయా, ముక్కలవుతాయా?” వసారాలో మాటలు ఆగాయి. అప్పుడు అడిగింది ఆ ప్రశ్న, జుట్టుతోపాటు ముక్కు కూడా ఊడిపోయిందా అని. ఎగతాళిగా అడగలేదు. నిజంగా తెలుసుకోవాలనే అడిగింది.

అవునంటే సరిపోయేది. ఒక్క మాట. ముక్కమ్మ నోరు తెరిచింది, మాటకు బదులు ఏడుపు వచ్చింది. అవి దొంగ కన్నీళ్ళు కావు. కాని ఏడవడం మొదలుపెట్టిన రెండో క్షణానే, ఈ ఏడుపు తనను గట్టెక్కిస్తుందని ఆమెకు తెలిసింది. తెలిసి కూడా ఆపలేదు. తరవాత రోజుల్లో ఆమెను తినేసింది ఆ రెండో క్షణమే.

“చాల్లే ఊరుకో, రోగిష్టి మనిషిని పట్టుకుని ఆ మాటలేమిటి!” అన్నారెవరో. “రెండు లీటర్ల పాలకు ఇంత రభసా?” అన్నారింకెవరో. లోపల్నుంచి అత్తగారు గరిటె చేత్తోనే వచ్చి ఒంటిగేదె ముఖం మీద వేలు పెట్టింది.

“నా కోడలు చావుతో పోట్లాడుతోంది. నువ్వు పాలతో పోట్లాడతావా? జుట్టు సంగతి ఎత్తడానికి నీకు నోరెలా వచ్చిందే?”

“నేను అడిగింది పాల సంగతి పెద్దమ్మా.”

“పాలూ లేవు, నీళ్ళూ లేవు, పో!”

ఒంటిగేదె గిన్నెను గట్టుమీదే వదిలేసి వెళ్ళిపోయింది. ఆ రాత్రి భోజనాల దగ్గర ముక్కమ్మ భర్త ఆ పాలు గ్లాసులో పోసుకుని తాగి, మూతి తుడుచుకుని, “ఎవరివోగాని, బ్రహ్మాండంగా ఉన్నాయే” అన్నాడు.

ఆ తరవాత ఒంటిగేదె కేంద్రానికి రాలేదు. వీధి కుళాయి దగ్గర ఆడవాళ్ళు ఆవిడ బిందెకు చోటిచ్చేవారు గాని మాట కలిపేవారు కాదు. పాలు తీసుకెళ్ళి బస్సులు ఆగే చోట టీకొట్టుకు పోసేది, సగం ధరకు. టీకొట్టువాడికి ఆవిడ అవసరం తెలుసు, ఆవిడకు వేరే దారి లేదని కూడా తెలుసు.

అయిదో కీమో అయిన వారానికి వ్యాను డ్రైవరు వచ్చి, గొంతు తగ్గించి చెప్పాడు: “అక్కా, నిన్న సాయంత్రం రెండో క్యాను విరిగింది. మొత్తం పారబోశారు.”

ముక్కమ్మ క్యాను మూత బిగించసాగింది.

“ఎండ మండిపోతోంది కదా, అందుకే అయ్యుంటుంది” అన్నాడు డ్రైవరు తనే. “నీ చేతిమీదుగా పోయిన క్యాను ఎప్పుడైనా విరిగిందా? అందరికీ అదే చెప్పాను.”

ఎండ మీద నెపం వేసి ఊరు నష్టాన్ని పంచుకుంది. సాయంత్రం ఎనిమిది గేదెలాయన, “ఆ ఒంటిగేదె నోరే నోరు! పాలు పోయకుండానే మన క్యాను విరగ్గొట్టింది” అన్నాడు. వసారా గొల్లుమంది. ముక్కమ్మ కూడా నవ్వింది. చేసిన తప్పుల్లో ఆ నవ్వును కూడా కలపాలి.

రెండు రోజుల తరవాత అత్తగారు పాలు స్టవ్వు మీద పెట్టి, పొంగకుండా చూడమని చెప్పి పెరట్లోకి వెళ్ళింది. ముక్కమ్మ స్టవ్వుకు బారెడు దూరంలో పీట వేసుకుని, గోడకు చేరగిలబడి కళ్ళు మూసుకుంది. కాసేపటికి అత్తగారు దగ్గుకుంటూ పరుగెత్తుకొచ్చింది. గిన్నె అడుగు నల్లగా మాడిపోయి ఉంది. గది నిండా పొగ.

“వీధి చివరికి కొడుతోంది మాడు కంపు! ముక్కు దగ్గర పెట్టుకుని కూర్చుని...”

మాట మధ్యలో ఆగిపోయింది. స్టవ్వు ఆర్పింది. తలుపు తెరిచింది. వచ్చి కోడలి ఎదురుగా నేలమీద కూర్చుంది.

“ఎన్నాళ్ళనుంచి?”

“మూడోదాని తరవాత.”

“ఉప్పు కూడా అందుకేనా?”

“ఊఁ.”

“మరి ఆ ఒంటిగేదె పాలు?”

“బాగానే ఉండి ఉంటాయి.”

“ఉండి ఉంటాయా?”

“నాకు తెలీదు అత్తయ్యా. ఎవరివీ తెలీవు.”

“తెలీకుండా ఎలా తిప్పి పంపావే?”

“ఎవర్నో ఒకర్ని పంపాలి కదా.”

ఇన్నాళ్ళూ తలలో తిరిగినప్పుడు ఆ మాటకు ఒక రకమైన న్యాయం ఉన్నట్టు ఉండేది. బయటికి అనేసరికి అది ఎంత చవకబారు మాటో ఆమెకే వినిపించింది.

“నన్ను నలుగురిలో నిలబెట్టి అరిపించావు. దాని ముఖం మీద వేలు పెట్టాను నేను.”

“నేను తిట్టమన్నానా?”

“వద్దన్నావా?”

అత్తగారు మోకాళ్ళు పట్టుకుని లేచింది.

“రేపు పొద్దు గుంకేవేళ దాని గేదెను ఎనిమిది గేదెలాయన తోలుకుపోతున్నాడు. బజార్లో అనుకుంటుంటే విన్నాను. టీకొట్టు ధరకు మేత ఖర్చు కూడా రావట్లేదట.”

“మీరు వెళ్ళి చెప్పరాదూ?”

“నేనెందుకు చెబుతానే? ముక్కు నాదా?” అని గిన్నె తీసుకుని తోమడానికి వెళ్ళిపోయింది.

మర్నాడు సాయంత్రం పాలవేళకు ముందు ముక్కమ్మ భర్తను అటకెక్కి పెట్టె దించమంది. ఎందుకని అడిగాడు. కాచాలంది. ఆయన ఆమె ముఖం చూసి, రెండో ప్రశ్న వేయకుండా దించి, దుమ్ము తుడిచి ఇచ్చాడు. గాజు గొట్టాల మధ్య ఎప్పుడో పడేసిన తలపిన్నులున్నాయి. వాటిని తీసి కిటికీలో పెట్టింది. స్టవ్వు వెలిగించి వసారాలో బల్లమీద పెట్టేసరికి జనం ఒక్కొక్కరే వచ్చి చుట్టూ చేరారు.

“ఏం చెల్లెమ్మా, ముక్కుకు సెలవిచ్చావా?” అన్నాడు ఎనిమిది గేదెలాయన.

“ముక్కు లేదు అన్నయ్యా. మూడో కీమోనుంచి లేదు.” అక్కడితో ఆపేసినా సరిపోయేది. అయినా ఆపలేదు. “ఒంటిగేదె పాలు నాలుగుసార్లు తిప్పి పంపాను. వాటికి ఏ లోపమూ లేదు. పొరపాటున పంపలేదు. నా ముక్కు పనిచేస్తోందని మీరంతా అనుకోవాలని పంపాను. క్యాను విరిగింది కూడా ఎండకు కాదు.”

ఆమె తిట్లకు సిద్ధపడి నిలబడింది. తిట్లు రాలేదు. అంతకంటే దారుణమైనది వచ్చింది. “అయ్యో పాపం!” అంది ఒకావిడ. “మందుల ప్రభావమమ్మా అదంతా, నీ తప్పేముంది?” అంది మరొకావిడ. “ఒంట్లో బాగోనప్పుడు మనసు మన చేతిలో ఉంటుందా?” అన్నాడొక పెద్దాయన.

“మందు చెయ్యలేదండీ. నేనే చేశాను” అంది ముక్కమ్మ.

“కూర్చో తల్లీ కూర్చో, ఆయాసపడకు” అన్నారు.

మనిషి తప్పును జబ్బు ఖాతాలో వేసేస్తే ఎంత సుఖం! ఊరికి సుఖం, ఎవరినీ నిలదీయక్కర్లేదు. మొన్న ఏడ్చి తప్పించుకున్నందుకు ఇప్పుడు నిజం చెప్పినా ఎవరూ వినకపోవడం ఆమెకు తగిన శిక్షే. అత్తగారు మాత్రం గుమ్మంలో నిలబడి ఒక్క మాటా అనలేదు. ఓదార్చనూ లేదు. ఆ రోజు ఆ ఇంట్లో ముక్కమ్మకు దక్కిన మర్యాద అదొక్కటే.

గొట్టాలు వరసగా కాచింది. ఎనిమిది గేదెలాయన పాలు మంట తగలగానే పొరలు పొరలుగా విరిగి, గొట్టం అంచుకు ముక్కలై అంటుకున్నాయి.

“గొట్టం సరిగ్గా కడిగారా?” అన్నాడాయన.

వెనక ఎవరో కిసుక్కున నవ్వారు. ముక్కమ్మ ఇంకో గొట్టం తీసి, ఆయన ముందే కడిగి, మళ్ళీ కాచింది. మళ్ళీ విరిగాయి. ఆయన బిందె ఎత్తుకుని, గేదె బేరం సంగతి కూడా మరిచి ఇంటిదారి పట్టాడు. మిగిలినవాళ్ళ పాలు భర్తను చూడమని చెప్పి ముక్కమ్మ బయల్దేరింది. వీధి చివరికి వెళ్ళడానికి రెండుచోట్ల ఆగి అరుగుల మీద కూర్చోవలసి వచ్చింది.

ఒంటిగేదె ఇంటి ముందు గేదె కొత్త పలుపుతాడుతో కట్టేసి ఉంది, అమ్మకానికి కడిగిన గేదెలా నిగనిగలాడుతూ. ఒంటిగేదె లోపల్నుంచి స్టూలు తెచ్చి వేసింది.

“కూర్చోండి.”

ఆ ‘అండి’ చెంపదెబ్బలా తగిలింది. “‘మీరు’ అంటున్నావేమిటి వదినా?”

“పాలకేంద్రం ఆవిడ కదా. చెప్పండి.”

చెప్పింది. వసారాలో చెప్పినంత తొందరగా రాలేదు మాట. ఒంటిగేదె గేదె వీపు నిమురుతూ వింది.

“నాకు తెలుసు” అంది చివరికి. “నాలుగోసారి తిప్పి పంపినప్పుడే అనుమానం వచ్చింది. పాలు వాసన చూసేటప్పుడు మీరెప్పుడూ కళ్ళు మూసుకునేవారు. ఆ రోజు కళ్ళు తెరిచి నావంక చూస్తున్నారు, నేనేమంటానో అని.”

ముక్కమ్మకు ముఖం ఎక్కడ పెట్టుకోవాలో తెలియలేదు. కళ్ళు నిండిపోయాయి.

“ఏడవకండి” అంది ఒంటిగేదె వెంటనే. “మొన్న మీరు ఏడ్చారు, ఊళ్ళో నేను చెడ్డదాన్నయ్యాను. ఇవాళ కూడా ఏడిస్తే గేదె కూడా పోతుంది.”

ముక్కమ్మ తలగుడ్డ కొసతో ముక్కు తుడుచుకుంది. వాసన తెలియకపోయినా కారడం మానదు ముక్కు.

“గేదెను అమ్మకు.”

“అమ్మక ఏం చెయ్యమంటారు?”

“రేపట్నుంచి పాలు తీసుకురా. కాచి పోయించుకుంటాను.”

“నా ఒక్కదానివేనా?”

“అందరివీ. ఇవాళ మొదలుపెట్టాను.”

“ఎనిమిది గేదెలాయనవి కూడానా?”

“ఆయనవి విరిగాయి. ఇంటికి తీసుకుపోయాడు.”

ఒంటిగేదె పెదవి చివర ఏదో కదిలింది. నవ్వు కాలేదు. “అయితే ఆయన వస్తే వద్దని చెబుతాను. మీకోసం కాదు. ఆయన బేరం మరీ అన్యాయంగా ఉంది.” గేదె మెడలో కొత్త పలుపు విప్పి పాతది కట్టింది. కట్టి, చేతులు దులుపుకుని, “ఇక డబ్బు సంగతి” అంది. తిప్పి పంపిన నాలుగుసార్ల పాలు, పశువుల డాక్టరు ఫీజు, టీకొట్టుకు సగం ధరకు పోయడంవల్ల పోయిన మిగతా సగం. ఏదీ వదల్లేదు, ఏదీ పెంచలేదు. ముక్కమ్మ అన్నిటికీ సరేనంది. కాఫీ ఇస్తుందేమోనన్న ఆశ ఒకటి మనసులో ఉండింది గాని, ఇవ్వలేదు.

వీధి సగానికి వచ్చేసరికి అత్తగారు ఎదురొచ్చింది. చెయ్యి పట్టుకోలేదు. పక్కనే నడిచింది.

“ఏమంది?”

“ఏడవద్దంది.”

“బుద్ధిమంతురాలు” అంది అత్తగారు.

ఆరో కీమో అయిపోయింది. జుట్టు మొలకెత్తింది, మునుపటికంటే ఉంగరాలు తిరిగి. చాలా రోజులకు ఒక పొద్దున, వ్యానులో కాళ్ళ దగ్గర ఇంకా ఉన్న పెయింటు బకెట్టు మూత డ్రైవరు తీయగానే ముక్కమ్మ ముక్కు మూసుకుని పక్కకు తిరిగింది. తిరిగి వచ్చిన మొదటి వాసన అదే. ఆ సాయంత్రం భర్త చొక్కాలో కాలిన మోటారు చుట్టు వాసన సన్నగా తగిలింది. ఎవరికీ చెప్పలేదు. ఈసారి చెప్పకపోవడంలో తప్పేమీ లేదు. స్టవ్వు బల్లమీదే ఉంది, అందరి పాలూ కాచే పోయించుకుంటోంది. పేరు మాత్రం పోలేదు, ఊరు ఒకసారి పెట్టిన పేరు తీయదు.

ఒంటిగేదె రోజూ వస్తుంది. గిన్నె ముందుపెట్టి, గొట్టంలో పాలు నిలిచేదాకా కళ్ళు తిప్పకుండా చూస్తుంది. “అయిందాండీ?” అంటుంది. వదినా అనడం మానేసింది. క్యాన్లు కడగడానికి రావడం కూడా.

నాలుగుసార్ల పాల డబ్బు, డాక్టరు ఫీజు ముక్కమ్మ ఇచ్చేసింది. మందుల దుకాణం బిల్లులు ముందుకు రావడంతో, టీకొట్టుకు పోసిన పాల తాలూకు సగం ధర ఇంకా ఇవ్వలేదు.